రత్నం అంకుల్ గాలాల పెట్టె

మొన్న మా ఆఫీసులో టీ కాచే గది దగ్గర ఎవరో తలనొప్పి బామ్ సీసా మూత తీశారు. కప్పు పట్టుకుని వరుసలో నిలబడ్డ నాకు ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో, పెదవుల మీద ఉప్పు తగిలినట్టయింది. బామ్‌కీ ఉప్పుకీ ఏం చుట్టరికం అని మీరు అడగవచ్చు. నాకు మాత్రం ఆ రెండూ విడివిడిగా ఉండవు. ఖోర్ ఫక్కాన్ సముద్రం ఒడ్డున నేను గడిపిన శనివారం సాయంత్రాల్లో చిన్న గాలాలు ఒక పాత బామ్ సీసాలోంచి బయటికి వచ్చేవి. ఎన్నిసార్లు కడిగినా ఆ సీసా తన వాసన వదులుకోలేదు. "చేపలకి జలుబు చేస్తే మందు కూడా మనమే ఇచ్చేస్తున్నాం అమ్మాయ్" అనేవారు ఆ సీసా యజమాని. టీ తీసుకోకుండానే నా సీటుకు తిరిగి వచ్చేశాను.

ఆయన పేరు రత్నం. షార్జాలో రోలా అనే పేటలో మేము అద్దెకుండే భవనంలో, నాలుగో అంతస్తులో, మా గుమ్మానికి ఎదురు గుమ్మం వాళ్లది. కాకినాడ మనిషి. పడవలు బాగుచేసే వర్క్‌షాపులో ఇరవై ఏళ్లకు పైగా స్టోర్‌కీపర్. భార్య సుగుణ ఆంటీ ఆసుపత్రిలో నర్సు. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆ రోజే ఇద్దరూ చర్చికి వెళ్లేవారు, శనివారం ఆయన చేపలకు వెళ్లేవారు. రెండిట్లో దేన్నీ మానడం నేను చూడలేదు. నేను హన్మకొండ పిల్లని. పెళ్లయి ఇక్కడికి వచ్చేదాకా సముద్రాన్ని సినిమాల్లోనే చూశాను. ఒక కన్‌స్ట్రక్షన్ కన్సల్టెన్సీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌గా పని చేస్తాను. అంటే వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి, పేరు పెట్టి, ఎక్కడుండాలో అక్కడ పెట్టడం. ఆ పని నాకు జీతం కోసం నేర్చుకున్నది కాదు, పుట్టుకతో వచ్చిన జబ్బు. మా వంటింట్లో పప్పుల డబ్బాలకు కూడా చీటీలుంటాయి. మా ఆయన ఆ విషయంలో వెక్కిరించడం ఎప్పుడో మానేశాడు.

ఒక సంగతి మీకు ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో చెప్పి ఆశ్చర్యపరిచే ఓపిక నాకు లేదు. నాకు అంకుల్ పరిచయమయ్యే నాటికే ఆయన చూపు పోతోంది. షుగర్ వల్ల కంటి లోపలి పొర దెబ్బతింది. లేజర్ చేయించారు, సూదులు వేయించారు, చూపు తగ్గడం నెమ్మదించింది తప్ప ఆగలేదు. పగటి వెలుతురులో మనుషులు, గోడలు, తలుపులు తెలిసేవి. వెలుగు కాస్త మందగిస్తే చాలు, చేతిలో ఉన్న వస్తువు కూడా ఆయనకు మసకే. ఈ సంగతి ఆంటీకి తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికీ చెప్పనని ఆమె చేత ఒట్టు వేయించుకున్నారు. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే: ఎవరూ అందించకుండా, ఎవరూ చేయి పట్టకుండా, తన గాలం తాను కట్టుకుని సముద్రంలో వేయడం. చూపు పూర్తిగా పోయినా అది మాత్రం పోకూడదు. దాన్ని ఆయన దగ్గర్నుంచి లాగేసుకోబోయింది నేను. అది కూడా ప్రేమతో.

కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది నాకు డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది, నాలుగో ప్రయత్నంలో. ఆ వారమే లిఫ్టులో అంకుల్ ఎదురయ్యారు. "లైసెన్సు వచ్చిందంట కదమ్మాయ్. ఖోర్ ఫక్కాన్ దాకా తోలగలవా?" అన్నారు. కారు అమ్మేశానని, మోకాలు నొప్పి వల్ల తోలలేకపోతున్నానని చెప్పారు. మోకాలిని నేను నమ్మేశాను. నన్ను నమ్మి కారెక్కుతానన్న మొదటి మనిషి ఆయనే మరి, మా ఆయన కూడా ఇంకా జంకుతున్న రోజులవి. "తోల్త అంకుల్, ఎందుకు తోలను!" అన్నాను గొప్పగా. కొండల్ని తొలిచి తూర్పు తీరం దాకా వేసిన ఆ దారిలో మొదటి సొరంగంలోకి దూరగానే ఆయన తలుపు పైన ఉండే పిడిని గట్టిగా పట్టుకున్నారు. నా డ్రైవింగ్ చూసి భయపడుతున్నారనుకుని వేగం తగ్గించాను. వెలుగులోంచి ఒక్కసారిగా మసకలోకి వెళ్తే ఆయనకు ఏమీ తెలియదన్న సంగతి నాకు అప్పుడెలా తెలుస్తుంది?

ఆ రోజే ఆ పెట్టెను మొదటిసారి చూశాను. వర్క్‌షాపులో పనిముట్లు పెట్టుకునే బూడిదరంగు ప్లాస్టిక్ పెట్టె, ఒక మూల నెర్రె విడిచింది. లోపల చూస్తే నాకు తల తిరిగింది. బామ్ సీసా, పొడుం డబ్బా, మూత వెనక్కి తెరుచుకునే సబ్బు పెట్టె, పాత కళ్లజోడు పెట్టె, కెమెరా రీలు వచ్చే నల్ల డబ్బా, మూతి బిగించి కట్టిన గుడ్డ సంచి. రెండు డబ్బాలకు రబ్బరు బ్యాండ్లు, ఒకదానికి ఒకటి, ఇంకోదానికి మూడు. దేని మీదా ఒక్క అక్షరం లేదు. ఆయన ఎడం చేత్తో చేపలు పట్టే రాడ్డు పట్టుకుని, ముఖం సముద్రం వైపే పెట్టి, కుడిచేయి పెట్టెలో పెట్టి, కావలసింది తీసుకుని కట్టేసేవారు. అది అలవాటు అనుకున్నాను. "ఏంది అంకుల్ గిది, గింత గందరగోళమా?" అన్నాను. "నా బుర్రా అలాగే ఉంటది, రెండూ జతే" అని నవ్వేశారు. తర్వాత ఒక గంట నాకు గాలం విసరడం నేర్పారు. చేయి విసురుగా వెళ్లాలి కానీ తీగను వదిలేటప్పుడు వేలు తొందరపడకూడదన్నారు. నా వేలు తొందరపడుతూనే ఉంది. మూడుసార్లు గాలం మా వెనక రాళ్లలోకే వెళ్లింది.

తర్వాతి వేసవిలో ఒక తప్పు చేశాను. ఆ పెట్టె నా కారు డిక్కీలోనే ఉండిపోయింది, ఆగస్టులో, వారమంతా. ఎండలో నిలబెట్టిన కారు లోపల ఇక్కడ ఎంత వేడి పుడుతుందో చెప్పక్కరలేదు. శనివారం తెరిచేసరికి, పురుగుల్లా ఉండే మెత్తటి రబ్బరు ఎరలన్నీ కరిగి ముద్దయ్యాయి. పచ్చ, ఎరుపు, పసుపు కలిసిపోయి మిఠాయి కొట్టులో హల్వాలా ఉన్నాయి. వాటి కింద ఉన్న ప్లాస్టిక్ డబ్బా కూడా మెత్తబడి అతుక్కుపోయింది. అంకుల్ ఆ ముద్దను వేళ్లతో నొక్కి చూసి, "రబ్బరు పురుగులకీ గట్టి ప్లాస్టిక్‌కీ పడదమ్మాయ్. చల్లగా ఉన్నప్పుడు ఎలాగోలా సర్దుకుంటాయి. వేడెక్కితే ఒకదాన్నొకటి తినేస్తాయి" అన్నారు. కోప్పడలేదు. ఆ ఎరల్ని ఇంటికి తీసుకెళ్లి విడిగా ఒక కవరులో పెట్టుకోవలసింది తనేనన్నారు. నేను మాత్రం తప్పును డిక్కీ మీదా నా మీదా వేసుకోకుండా, ఆ చిల్లర డబ్బాల మీదికి నెట్టేశాను. పద్ధతి లేకపోబట్టే కదా ఇంత నష్టం! ఈ మనిషికి ఒక మంచి పెట్టె కావాలి, దాన్ని సర్దే మనిషీ కావాలి, ఆ మనిషిని నేనే అని ఆ రోజే తీర్మానించుకున్నాను.

నవంబరులో ఆయన పుట్టినరోజు వచ్చింది. చేపల సామాన్లు అమ్మే కొట్టుకు వెళ్లి, ఉన్నవాటిలో అందమైన పెట్టె కొన్నాను. పారదర్శకమైన మూత, లోపల ఒకదాని మీద ఒకటి మూడు అరలు, ఒక్కో అరలో పద్దెనిమిది గళ్లు, అన్నీ ఒకే కొలత. పాత పెట్టె ఎలాగూ నా డిక్కీలోనే ఉంది. రెండు సాయంత్రాలు భోజనాల బల్ల మీద కాగితం పరిచి కూర్చున్నాను. గాలాలన్నీ కంపెనీ నంబర్ల ప్రకారం, చిన్నవాటి నుంచి పెద్దవాటికి, ఎడమ నుంచి కుడికి. తీగ మెలి తిరగకుండా మధ్యలో వేసే ఇత్తడి కీళ్లు రెండో అరలో, సీసం గుండ్లు బరువుల ప్రకారం మూడో అరలో. ప్రతి గడి మీదా అచ్చు చీటీ. మూత లోపలి వైపు మొత్తం జాబితా అంటించాను, అడుగున మా ఆఫీసు కాగితాలకు వేసినట్టే 'రివిజన్ 0' అని కూడా వేశాను. ఆ పాత డబ్బాలన్నిటినీ ఒక నల్ల సంచిలో పోసి, కారిడార్ చివర చెత్త పారేసే గొట్టంలో వేశాను. నాలుగంతస్తులు కిందికి జారుతూ అవి చేసిన చప్పుడు నాకు ఎంతో హాయిగా వినిపించింది. ఇప్పుడు ఆ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఆ శనివారం మేము రాళ్ల కట్ట మీదికి చేరేసరికి నాలుగున్నర. ఖోర్ ఫక్కాన్‌లో సూర్యుడు సముద్రంలో దిగడు, వెనకున్న కొండల చాటుకు పోతాడు. అందుకే అక్కడ మసక కాస్త ముందే వస్తుంది. నేను కొత్త పెట్టెను ఆయన ఒళ్లో పెట్టి మూత తీశాను. ఆయన అరల మీద అరచేయి ఆడించి, "అబ్బో! ఇది పెట్టె కాదమ్మాయ్, ఫార్మసీ. ఎంత కష్టపడ్డావో" అన్నారు. నిజంగానే సంతోషించారు, నాకు తెలుసు. తర్వాత రాడ్డు ఎడం చేత్తో పట్టుకుని, ఎప్పటిలా సముద్రం వైపు చూస్తూ, కుడిచేయి పెట్టెలో పెట్టారు. వేళ్లు ఒక గడిలోకి దిగాయి, పైకొచ్చాయి, పక్క గడిలోకి దిగాయి. అన్నీ ఒకే లోతు, ఒకే అంచు. వేళ్లు వరుస చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికి వచ్చాయి.

"మధ్య సైజు గాలం ఎక్కడ పెట్టేవమ్మాయ్?"

"అగో, మీద రాసే ఉంది గద అంకుల్."

ఆయన తల వంచారు. ముక్కు గళ్లకు తగిలేంత దగ్గరికి వంచారు. కాసేపటికి ఒక గాలం వేలిలో దిగింది. చేయి ఒక్కసారిగా వెనక్కి లాగడంతో పై అర లేచి, పక్కకు ఒరిగి, అందులో ఉన్నవన్నీ జలజలమని రాళ్ల సందుల్లోకి పోయాయి. రెండు సాయంత్రాల నా కష్టం అలా పోయేసరికి నాకు ఒళ్లు మండింది. "అయ్యో, చూస్కోవద్దా అంకుల్!" అని అరిచాను.

ఆయన వేలిని నోట్లో పెట్టుకుని రక్తం చప్పరించి, చాలా మామూలుగా అన్నారు: "చూసుకోవాలనే ఉందమ్మాయ్. కనబడితే కదా."

రెండేళ్లుగా దాచుకున్నదంతా ఆ రాళ్ల మీద కూర్చుని పది మాటల్లో చెప్పేశారు. మోకాలికి ఏ నొప్పీ లేదన్నారు. వర్క్‌షాపులో ముదీర్‌కి, అంటే మేనేజరుకి కూడా, ఇంకా తెలియదని, స్టోరులో ఏ నట్టు ఏ అరలో ఉందో చేతులకు తెలుసు కాబట్టి పని నడిచిపోతోందని చెప్పారు. "పాత పెట్టెలో మూత తిప్పితే వచ్చేది చిన్న గాలాలు. వేలితో ఎత్తితే లేచేది మధ్యవి. ఒక బ్యాండు ఉన్నది పెద్దవి, మూడు బ్యాండ్లు ఉన్నది ముట్టుకోకూడదు, మూడు కొక్కేల గాలాలు. అలాగ పెట్టుకున్నాను. అందులో అయితే కళ్లతో పనిలేదు." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ముఖం నా వైపు తిప్పి, "అవి ఇంటి దగ్గరున్నాయి కదా?" అన్నారు.

"పారేసిన అంకుల్."

ఆయన ఒళ్లో ఉన్న కొత్త పెట్టె మూత మూసేశారు. "ఖలాస్" అన్నారు చివరికి. "పోన్లే, యల్లా, కానివ్వు, ఇవాళ నువ్వు వెయ్యి. నేను కూర్చుంటాను." రెండు అరచేతులూ మోకాళ్ల మీద బోర్లించి కూర్చున్నారు. నేను గాలం విసిరిన ప్రతిసారీ నీళ్ల చప్పుడు విని, "దూరంగానే పడిందా?" అని అడిగారు. ఆ ఖాళీ చేతుల్ని చూడలేక నేను సముద్రం వైపే చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు చేప పడలేదు. పడకపోవడమే మంచిదైంది.

మర్నాడు సుగుణ ఆంటీ దగ్గరికి వెళ్లి ఏడ్చాను. ఆమె డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం కూడా మార్చుకోకుండా చేపల పులుసు కలుపుతోంది. నన్ను తిడుతుందనుకున్నాను. "పోనీలే సంధ్యా. ప్రభువే నీ చేత చేయించాడనుకుంటాను" అంది. "రెండేళ్ల నుంచి మానెయ్యమని మొత్తుకుంటున్నాను. ఆ రాళ్ల మీద కాలు జారితే నేనెవరికి చెప్పుకోను? ఇప్పుడైనా ఇంటిపట్టున ఉంటారు." ఆ మాట విన్నాక నా గుండె బరువు దిగాలి. తప్పు కాస్తా పుణ్యమైపోయింది, ఊరుకుంటే సరిపోతుంది, ఎవరూ నన్ను ఏమీ అనరు. కానీ తేలికపడలేదు. ఆంటీ మాటలో అన్యాయం ఏమీ లేదు. నిజానికి ఆమె మాటే ఒప్పు. అదే నన్ను ఎక్కువ పీడించింది.

మూడు శనివారాలు గడిచాయి. నేను ప్రతిసారీ వెళ్లి అడిగాను, ఆయన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నారు. ఒకసారి తలనొప్పన్నారు, ఒకసారి గాలి ఎక్కువగా ఉందన్నారు. నాలుగో వారం ఒక మధ్యాహ్నం నేను ఆఫీసు నుంచి త్వరగా వచ్చి లిఫ్టు దిగేసరికి, అంకుల్ వాళ్ల గుమ్మం ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు. తలుపు పిడికి ఒక సన్నటి తీగ కట్టి, దాని కొసను వేళ్లతో చుట్టి, దూర్చి, లాగి ముడి వేస్తున్నారు. ముడి బిగిసిందో లేదో బొటనవేలితో తడిమి, విప్పి, మళ్లీ మొదలుపెడుతున్నారు. నా అడుగుల చప్పుడుకు తీగను చటుక్కున గుప్పిట్లో దాచేశారు. తప్పు చేస్తూ దొరికిన మనిషిలా నవ్వారు. ఆ నవ్వు నేను భరించలేకపోయాను. ఆయన చేత అలా దాచుకునేలా చేసింది నేనే.

ఆ సాయంత్రమే ఆంటీతో తగువు పెట్టుకున్నాను. తగువంటే, ఆమె గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి బతిమాలడం. "రాళ్ల మీదికి ఎక్కనియ్య ఆంటీ. అక్కడ సిమెంటు గట్టుంటది, నడుం దాకా రెయిలింగ్ ఉంటది. గక్కడనే నిలబడ్తం. నేను పక్కనే ఉంట. మీరు వద్దంటే పెట్టె మళ్ల చెయ్య, ఆయనకు ఒక్క ముచ్చట గూడ చెప్ప." ఆంటీ గిన్నెలు కడగడం పూర్తి చేసింది. చేతులు తుడుచుకుంది. తర్వాత పడకగదిలోకి వెళ్లి తన బామ్ సీసా తెచ్చింది, ఇంకా సగం ఉంది. చెంచాతో లోపలిదంతా ఒక గిన్నెలోకి తోడేసి, సీసాను సబ్బుతో కడిగి నా చేతిలో పెట్టింది. "ఈ మూతైతే ఆయన వేళ్లకి అలవాటే" అంది.

తర్వాతి నాలుగైదు సాయంత్రాలు అంకుల్ నా చేత ఆ పాత బూడిదరంగు పెట్టెనే మళ్లీ సర్దించారు, నా కళ్లకు నా చున్నీయే గంతలు కట్టించి. రాళ్ల సందుల్లో పోయిన గాలాలకు బదులు కొత్తవి కొని, మా అంతస్తులో ఉన్న అన్ని ఇళ్లలోంచి ఖాళీ డబ్బాలు అడుక్కొచ్చాను. అన్నిటికంటే ముచ్చటగా ఉన్న ఒక రేకు డబ్బాను ఆయన మొదటి పట్టులోనే పక్కన పడేశారు. "దీని మూత టప్పున ఎగురుద్ది. రాడ్డు ఒక చేతిలో ఉంటది అమ్మాయ్, తెరవడానికి మిగిలేది ఒక్క చెయ్యే. పైగా రేకు, ఉప్పుగాలికి నెల్లాళ్లలో తుప్పు." రాడ్డుకు బదులు నా ఎడం చేతిలో చీపురుకట్ట పెట్టారు. ఒక్కో డబ్బానూ ఒంటి చేత్తో తెరవాలి, మూయాలి, తలకిందులుగా పట్టినా ఒలకకూడదు. పరీక్ష నెగ్గినవి ఏడు. తర్వాత వాటిని ఏ వరుసలో పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. నేను అలవాటు కొద్దీ నంబర్ల సంగతి ఎత్తాను.

"నంబరు అమ్మేవాడికి కావాలి" అన్నారు ఆయన. "కట్టేవాడికి వరస కావాలి. ముందు ఏది కడతావు?"

"ఇత్తడి కీలు."

"అయితే అది చేతికి దగ్గర. ఆ తరవాత?"

"గుండు. దాని తర్వాత గాలం."

"అంతే మరి. చెయ్యి ఎలా నడుస్తుందో సామాను అలా కూర్చోవాలి. నడిచే చేతిని ఆపి సామాను ఎక్కడుందో ఎతకమంటే ఎలా?"

నీళ్లలోంచి తీసిన గాలం దేన్నీ మళ్లీ పెట్టెలో వేయకూడదన్నారు. ఒక్క తడి గాలం మిగతా అన్నిటినీ తుప్పు పట్టిస్తుంది. వాటి కోసం ఖర్జూరాల డబ్బాకు చిల్లులు పొడిచి విడిగా పెట్టాం, ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి ఆరబెట్టడానికి. రబ్బరు ఎరలు విడిగా వాటి కవరులోనే, అవి ఎప్పుడూ మనతో పాటు ఇంట్లోకి రావలసిందే. గంతలతో మొదటి రోజు నా వేళ్లు మూడుసార్లు రక్తం చూశాయి. నాలుగో రోజు మాత్రం చీపురు పట్టుకుని, కీలు, గుండు, గాలం వరుసగా తీసి బల్ల మీద పెట్టగలిగాను. పదేళ్లుగా కాగితాలు సర్దుతున్నాను, ఆ కాగితం కోసం వచ్చే మనిషి చేయి ఎటు నుంచి వస్తుందో ఒక్కసారీ ఆలోచించలేదు. చున్నీ విప్పకుండా అలాగే కూర్చుని ఆ మాట ఆయనతో అన్నాను. "నీకు కళ్లు బాగా కనబడతాయి కదా, అందుకే" అన్నారు.

డిసెంబరులో మళ్లీ వెళ్లాం. సిమెంటు గట్టు, నడుం ఎత్తు రెయిలింగ్, మాట ప్రకారం. కొండల వెనక వెలుగు తగ్గాక ఆయన కుడిచేయి పెట్టెలో పెట్టారు. మూత తిప్పిన చప్పుడు, సంచి మూతి వదులైన చప్పుడు. కట్టేశారు, విసిరారు. గంట తర్వాత షేరి అని ఇక్కడివాళ్లు పిలిచే బూడిదరంగు చేప పడింది, కిలోకు కాస్త తక్కువ. దాన్ని నాకు చూపించడానికి పైకెత్తలేదు ఆయన. నా చేయి పట్టుకుని దాని పొట్ట మీద పెట్టారు. తడిగా, చల్లగా, బలంగా కొట్టుకుంటోంది. ఇంటికెళ్లేసరికి ఆంటీ గుమ్మంలోనే నిలబడి ఉంది. ముందు ఆయన కాళ్ల వైపు చూసింది, తర్వాత మోకాళ్ల వైపు, చివరికి చేప వైపు.

ఆ పెట్టెతో రెండేళ్లకు పైగా గడిచాయి. ఈలోగా ఆయనే ముదీర్‌కి సంగతి చెప్పేసి, స్టోరు తాళాలు అప్పగించి, ఉద్యోగం మానేశారు. చూపు పూర్తిగా పోయింది. ఆంటీకి రిటైర్మెంటు దగ్గరపడి, ఇద్దరూ కాకినాడ వెళ్లిపోవడానికి సామాన్లు సర్దుకుంటున్న రోజుల్లో చివరిసారి ఖోర్ ఫక్కాన్ వెళ్లాం. డిక్కీలో పెట్టె కనబడలేదు. మరిచిపోయారేమోనని కంగారుపడ్డాను. గట్టు మీద నిలబడి ఆయన చొక్కా మీద ఏదో తొడుక్కుని వెనక తాళ్లు బిగించుకున్నారు. ఆంటీ పాత యూనిఫాం గుడ్డతో కుట్టిన ఒక ఏప్రాన్. ఎడమ పక్క నుంచి కుడి పక్కకు ఏడు జేబులు, ఒకటి పైకి, ఒకటి కిందికి, ఒకటి లోతుగా, ఒకటి వాలుగా. వాటిలో నేను అడుక్కొచ్చిన డబ్బా ఒక్కటీ లేదు.

"బాధపడకమ్మాయ్" అన్నారు, నా మౌనం విని. "నీవి బాగానే ఉండేవి. వేళ్లే మారిపోయాయి. షుగర్ కదా, కొసలు మొద్దుబారిపోయి తిప్పే మూతేదో ఎత్తే మూతేదో తెలవట్లేదు. మోచెయ్యి మాత్రం బాగానే ఉంది. ఎంత వంగితే ఏ జేబో దానికి తెలుసు. మీ ఆంటీ నా చెయ్యి కొలిచి మరీ కుట్టింది."

ఒక్క క్షణం మనసు చివుక్కుమన్న మాట నిజం. చీపురుకట్ట పట్టుకుని, వేళ్లు పొడిపించుకుని సంపాదించిన వరస అది. కానీ చేపలు మానెయ్యమని మొత్తుకున్న ఆంటీ, ఆ మొద్దుబారిన చేతిని పక్కన కూర్చోబెట్టుకుని కొలతలు తీసుకోవడం తలచుకుంటే నాకు కళ్లు నిండాయి. నాకు చెప్పకుండా, నన్ను అడగకుండా ఆయన తన పెట్టెను తానే మార్చేసుకున్నారు. నేను దేన్ని కాపాడబోయానో అది భద్రంగానే ఉంది, నా డబ్బాలు లేకుండానే.

ఆయన మోచెయ్యి వంచి ఒక జేబులోంచి గాలం తీశారు. తీగ దూర్చడానికి ప్రయత్నించారు. వేళ్లకు స్పర్శ లేదు కాబట్టి తీగ కొసను పెదవుల మధ్య పెట్టుకుని, గాలం పైకొసన ఉన్న రంధ్రాన్ని పెదవితోనే వెతికి దూర్చారు. ముడి మొదటిసారి జారింది. రెండోసారీ జారింది. అప్పుడు నా రెండు చేతులూ వాటంతట అవే ముందుకు వెళ్లాయి. మధ్యలో ఆపి, వెనక్కి తెచ్చి, గట్టు మీద కూర్చుని తొడల కింద పెట్టుకున్నాను. ఇప్పటికీ అలా కూర్చుంటాను. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు ఫైలు వెతుక్కుంటున్నా, మా అత్తగారు ఫోనులో నంబరు కోసం తడుముకుంటున్నా, వాళ్లు అడిగేదాకా చేతులు తొడల కిందే. నాకు తెలిసిన పనులన్నిటిలో కష్టమైనది అదే, ఇంకా సరిగ్గా రాలేదు కూడా.

మూడోసారి కూడా ముడి జారింది. ఆయన విసుక్కోలేదు. తీగను మళ్లీ పెదవులతో తడిపి, చుట్టి, దూర్చి, నెమ్మదిగా లాగారు. ఈసారి బిగిసింది. మిగిలిన కొసను పంటితో కొరికి పారేసి, నా వైపు తిరగకుండానే అడిగారు:

"చెయ్యి పెట్టలేదు కదా?"

"పెట్టలే అంకుల్" అన్నాను.